కటింగ్ మాస్టారి తొడుగుపూలు

పెళ్ళాం నోటికి జడిసే మొగుళ్ళ మీద లోకం కావలసినన్ని జోకులు వేసుకుంది. ఆ నోరు మూతపడిన ఇంట్లో మొగుడి బతుకు ఎలా ఉంటుందో మాత్రం ఎవరూ చెప్పరు. కటింగ్ మాస్టారికి అది ఆ వేసవిలో అనుభవంలోకి వచ్చింది.

ఆయన జీవితమంతా రెడీమేడ్ బట్టల కార్ఖానాలో గుడ్డ కత్తిరించాడు. పొర మీద పొర పరిచి, సుద్దతో గీత గీసి, ఆ గీత మీద కత్తెర నడిపిస్తే ఒక్క పోగు అటూ ఇటూ పోయేది కాదు. ఆయన భార్య ఆడపిల్లల హాస్టల్లో మేట్రన్‌గా చేసింది. ఉద్యోగం వదిలి చాలాకాలమైనా వీధి వీధంతా ఆవిణ్ణి మేట్రన్ గారనే పిలుస్తారు. కింద వంటగదిలో నిలబడి ఆవిడ "లైట్లు!" అంటే పై అంతస్తులో లైట్లు ఆరిపోయేవట. ఇంట్లోనూ అదే గొంతు. అయితే తిట్టడంలో ఆవిడకి ఒక మర్యాద ఉండేది. ఎంత కోపం వచ్చినా "మీరు" వదిలేది కాదు.

"మీరు బుర్రని కార్ఖానాలో పెట్టి ఇంటికొస్తున్నారా, ఇంట్లో పెట్టి కార్ఖానాకి వెళ్తున్నారా? ఏదో ఒకటి చెప్పండి, వెతికిస్తాను" అనేది.

మాస్టారు నవ్వి ఊరుకునేవాడు. పూటకి నాలుగు తిట్లు పడితేగాని బావకి తిండి సహించదని మరదలు వెక్కిరించేది. అందులో అబద్ధం లేదు.

చలికాలం చివర్లో ఒక పొద్దున మేట్రన్ గారు స్నానాల గదిలో పడిపోయింది. కుడి చెయ్యి, కుడి కాలు చచ్చుబడ్డాయి. మాట పడిపోయింది. గండం గడిచిందని చెప్పి ఆసుపత్రి వాళ్ళు చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి ఇంటికి పంపారు. రోజు విడిచి రోజు వ్యాయామం చేయించడానికి ఒక అమ్మాయి వచ్చేది. చేతులు, కాళ్ళు కదిలించేది, పెదాలతో శబ్దాలు పలికించాలని చూసేది. ఒకనాడు ఆ అమ్మాయి వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగింది.

"ఆవిడకి శక్తి లేక కాదు సార్. ప్రయత్నమే చెయ్యడం లేదు. చెయ్యి పట్టుకుంటే నాకే వదిలేస్తున్నారు. మాట పలికిద్దామంటే కళ్ళు మూసుకుంటున్నారు. ఈ కొన్ని నెలలే ముఖ్యం. ఇప్పుడు కదిలితే కదిలినట్టు, లేకపోతే ఇలాగే గట్టిపడిపోతుంది."

"మరి ఏం చెయ్యమంటావమ్మా?"

"ఆవిడకి ఏదో ఒకటి కావాలనిపించాలి. ఏదైనా సరే. అది నేను నేర్పేది కాదు."

కావాలనిపించాలి. మాస్టారు ఆ మాట పట్టుకుని ఇల్లంతా తిరిగాడు. రేడియో పెట్టాడు. హాస్టల్ పిల్లలతో తీయించుకున్న ఫోటోలు అటక మీంచి దింపాడు. ఇష్టమైన మిఠాయి తెచ్చాడు. దేనికీ ఉలుకూ పలుకూ లేదు. పైగా కుర్చీని కిటికీ వైపు తిప్పితే చాలు, ఆవిడ ఎడం కాలితో నేలని తన్ని తన్ని గోడ వైపు తిప్పేసుకునేది. ఆ గోడ మీద చూడ్డానికి ఏమీ లేదు. సున్నం, ఒక మేకు.

కిటికీ బయట ఉన్నది ఆవిడ పెరడే. పెళ్ళయిన కొత్తలో పూలకొట్టువాడు ఫాక్స్‌గ్లవ్ అని ఏదో ఇంగ్లీషు పేరు చెప్పి నారు ఇచ్చాడు. మొదటి ఏడాది ఉత్త ఆకులే వస్తే వాడు మోసం చేశాడని కొట్టు మీదికి యుద్ధానికి వెళ్ళొచ్చింది. రెండో ఏడాది మనిషెత్తు కాడలు లేచి, కింద నించి పై దాకా ఊదారంగు గొట్టాల్లాంటి పూలు వేలాడాయి. ఒక పువ్వు కోసి మొగుడి చూపుడువేలికి తొడిగి, "అచ్చం మీరు కుట్టేటప్పుడు పెట్టుకునే తొడుగే" అంది. అప్పటి నుంచీ ఆ ఇంట్లో అవి తొడుగుపూలు. ఆ ఒక్క పువ్వు తప్ప, మాస్టారిని మళ్ళీ ఆ మొక్కల దరిదాపులకి రానిచ్చింది లేదు. "మీ చెయ్యి గుడ్డ మీద పెట్టుకోండి. ఇది విషపు మొక్క, తెలిసినవాళ్ళే ముట్టుకోవాలి" అనేది.

కాబట్టి ఆయనకి తెలిసిన పూలన్నీ గుడ్డ మీద అచ్చు వేసినవే.

ఈ ఏడు తొడుగుపూలు ఎవరూ చూడకుండానే పూశాయి, వాడాయి. కాడల నిండా పచ్చటి కాయలు కట్టి, చిట్టచివర రెండేసి పూలు మిగిలాయి. మరదలు, అంటే మేట్రన్ గారి చెల్లెలు, పక్క వీధిలో రొట్టెల దుకాణం నడుపుతుంది. దుకాణం మూసి మధ్యాహ్నం పూట వస్తుంది. మంచి మనిషే. కాకపోతే నోట్లో నువ్వుగింజ నానదు. అక్కకి మాట పోయిన దగ్గర్నుంచీ అక్క మాటలు కూడా తనే మాట్లాడుతోంది. "అక్కకి దాహంగా ఉందట", "అక్క దుప్పటి వద్దంటోంది" అంటుంది. అక్క ఏమీ అనదు.

"బావా, ఆ పెరడు చూశావా? దయ్యాల కొంపలా ఉంది" అందా రోజు. "పూత అయిపోయాక తలలు కొట్టెయ్యాలి. అప్పుడు పక్కల నుంచి చిన్న కొమ్మలొచ్చి మళ్ళీ పూస్తాయి. అక్క ఎప్పుడూ చేసేదిగా."

"ఎక్కడికి కొట్టాలి?"

"అది నాకేం తెలుసు? కత్తిరించడం నీ విద్యేగా!"

అక్కడే వచ్చింది చిక్కంతా.

మొక్కల కత్తెర ఎక్కడ పెట్టిందో ఆవిడకే తెలుసు. చెప్పే స్థితిలో లేదు. మాస్టారు చాలాసేపు ఆలోచించి తన కత్తెర తీశాడు. బరువైన, పాత, గుడ్డ తప్ప మరొకటి ఎరగని కత్తెర. ఒకసారి ఆవిడ దాంతో పాల ప్యాకెట్ కత్తిరించిందని ఆయన రెండు రోజులు మాట్లాడలేదు. వాళ్ళ కాపురంలో మాస్టారు నెగ్గిన ఒకే ఒక్క పోట్లాట అది. ఆ కత్తెరతో ఆయన పెరట్లోకి దిగాడు.

ఇంక ఆయన చేసిన పని వింటే ఏ తోటమాలైనా తల పట్టుకుంటాడు. పెరటికి ఈ చివర ఒక పుల్ల, ఆ చివర ఒక పుల్ల పాతాడు. నడుమెత్తున దారం లాగి కట్టాడు. సుద్దముక్కతో ప్రతి కాడ మీదా దారం తగిలిన చోట గుర్తు పెట్టాడు. ఆ గుర్తు మీద టకటకా కోసుకుంటూ వెళ్ళాడు. పొడుగు కాడల తలలు తెగాయి. కొత్తగా పక్కలకి వస్తున్న మొగ్గలూ వాటితో పాటే తెగాయి. పొట్టివి దారానికి అందలేదు కాబట్టి వాడిన తలలతోనే మిగిలాయి. పని ముగించి దూరంగా నిలబడి చూసుకున్నాడు. మడిచి కుట్టిన ప్యాంటు అంచులా ఒకటే ఎత్తు. బాగుందనుకున్నాడు, పాపం.

లోపల గది తుడవడానికి ఆయన పొద్దున కుర్చీని కిటికీ వైపు తిప్పి, తిరిగి గోడ వైపు పెట్టడం మరిచిపోయాడు. మేట్రన్ గారు ఆ వేళ మగతగా ఉండి తిప్పుకోలేదు. కత్తెర చప్పుడుకి మెలకువ వచ్చి కళ్ళు తెరిచింది. ఎదురుగా, బడిపిల్లలకి వరసగా గుండు గీసి నిలబెట్టినట్టు, ఆవిడ తొడుగుపూలు.

"హుఁ!"

మాస్టారు ఆ శబ్దం విని, ఆవిడకి ఏదో అడ్డం పడిందనుకుని కత్తెరతో సహా లోపలికి పరుగెత్తాడు. అడ్డం పడలేదు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆ చూపు ఆయనకి తెలుసు. నెలల తర్వాత మళ్ళీ చూసేసరికి సంతోషం పట్టలేకపోయాడు.

"అక్కకి నచ్చిందట బావా" అంది మరదలు.

మేట్రన్ గారు ఎడం చేత్తో కుర్చీ చెయ్యి మీద ఫట్టున కొట్టింది. తర్వాత అదే చెయ్యి కిటికీ వైపు చాపి, అరచేతిని కిందికి, ఇంకా కిందికి, ఆకుల దాకా దించి చూపింది. కొయ్యాల్సింది అక్కడ.

ఆ సాయంత్రం మాస్టారు ఒక్కో కాడ దగ్గరా వంగి, కిటికీ వైపు చూసి, చెయ్యి ఎక్కడ ఆగమంటే అక్కడ కోశాడు. మొండిగా మిగిలిన కాడా పోయి, కింద ఆకుల గుత్తి పైన చిన్న చిన్న మొగ్గలు కనిపించాయి. పొట్టివాటినీ చూపించింది, అవీ కోశాడు. కోయాల్సినవి ఇంకా చాలా మిగిలాయి. చీకటి పడింది కాబట్టి ఆపాడు. ఆవిడ కుర్చీని గోడ వైపు తిప్పుకోలేదు.

మాస్టారికి ఆ రాత్రి ఒక ఆలోచన వచ్చింది. తప్పు చేస్తేనే ఆవిడ కదులుతుందన్నమాట. అంతకన్నా తేలికేముంది?

మర్నాడు ఆయన కోసిన కాడల్ని మొక్క మొదట్లోనే కుప్ప వేశాడు. ఆవిడ చెయ్యి ఊపింది. మిట్టమధ్యాహ్నం ఎండలో ఆకుల మీద నీళ్ళు కుమ్మరించాడు. ఆవిడ "ఆఁ, ఆఁ" అంది. ఎండిన కాడ వదిలేసి పచ్చటి మొగ్గ దగ్గరికి కత్తెర తీసుకెళ్ళి నిలబెట్టాడు. "కా... కా..." అంటూ ఆవిడ ఎంతో కష్టపడి, నుదురంతా చెమట పట్టి, చివరికి "కాదు" అంది. వ్యాయామం అమ్మాయి వచ్చి ఈ సంగతి విని గంతులేసింది.

వీటిలో ఒక తప్పు మాత్రం నిజం తప్పు. పని మధ్యలో లోపలికొచ్చి కుర్చీ పక్కన నిలబడ్డ మాస్టారికి మరదలు టీ తెచ్చి ఇస్తే, ఆయన ఆ చేతులతోనే గ్లాసు అందుకుని, వేలితో టీ మీద మీగడ తీయబోయాడు. మేట్రన్ గారు ముందుకు వాలి ఎడం చేత్తో ఆ గ్లాసుని ఎగరగొట్టింది. టీ గోడ మీద పడింది.

"చెయ్యి!" అంది. స్పష్టంగా అంది. కళ్ళలో నీళ్ళున్నాయి. మాస్టారు సబ్బుతో మోచేతుల దాకా కడుక్కొచ్చి చూపించేదాకా ఆవిడ ఊపిరి కుదుటపడలేదు.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కానీ తాడి తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడు. ఆ తర్వాతి రోజు మాస్టారు నాలుగు కాడల్ని వంకరటింకరగా కోసి, ఏమీ తెలియనట్టు కిటికీ వైపు చూశాడు. ఆవిడ చెయ్యి ఊపలేదు. దగ్గరికి రమ్మని సైగ చేసింది. కోసిన కాడల్లో ఒకటి ఇమ్మంది. తెగిన చోటు ఎగుడుదిగుడుగా ఉంది. ఆవిడ దాన్ని చూసింది. తర్వాత ఆయన మొహం చూసింది. కళ్ళకి గంతలు కట్టినా వంకరగా కోయలేని మనిషి. ఆ సంగతి ఆవిడకి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

"నా... టకం" అంది.

కాడని నేల మీద పడేసింది. ఎడం కాలితో నేలని తన్ని కుర్చీని గోడ వైపు తిప్పేసుకుంది.

తర్వాత వ్యాయామం అమ్మాయి వస్తే చెయ్యి ఇవ్వలేదు. పెదాలు బిగించేసింది. ఉన్నదీ పోయింది. మాస్టారు వంటగదిలో నిలబడి తనని తాను తిట్టుకున్నాడు గానీ, ఆయనకి తిట్టడం చేతకాదు. హాస్టల్లో వందమంది ఆడపిల్లల దొంగవేషాలు పట్టుకున్న మనిషిని పసిపిల్లని ఆడించినట్టు ఆడించబోయాడు. జబ్బు చేసిందని తెలివి పోయిందనుకున్నాడు. అదీ ఆవిడకి తగిలింది.

"కోపం తగ్గుతుందిలే బావా, అక్కకి కోపం కొత్తా?" అని మొదట నవ్వింది మరదలు. గోడ వైపు తిరిగిన ఆ వీపు చూశాక తనూ నవ్వలేదు.

రెండు రోజులు అలాగే గడిచాక మాస్టారు ఇక ఆగలేకపోయాడు. కుర్చీ తిప్పితే ఆవిడకి ఇంకా కోపం వస్తుంది. అందుకని తనే కుర్చీకీ గోడకీ మధ్య ఉన్న ఇరుకులో దూరి, మోకాళ్ళు ముడుచుకుని నేల మీద కూర్చున్నాడు. ఇప్పుడు ఆవిడ గోడని చూడాలన్నా ఆయన్నే చూడాలి.

"దారం కట్టి కోసింది నిజంగా తెలీకే. టీ గ్లాసు కూడా అంతే" అన్నాడు. "మిగతావన్నీ కావాలనే చేశాను. నీ చేత తిట్టించుకోవాలని చేశాను. అడిగితే తిట్టవుగా! ఈ ఇంట్లో గడియారం చప్పుడు వినలేక చస్తున్నానే. నువ్వు నాతో మాట్లాడకపోయినా పర్లేదు, కోపమున్నా పర్లేదు. కానీ నువ్వు వెళ్ళిపోవాలని చూస్తున్నావేమో అనిపిస్తోంది. అదొక్కటే భయంగా ఉంది నాకు."

ఇంత పెద్ద మాట ఆయన జన్మలో ఒక్కసారిగా మాట్లాడలేదు. మాట్లాడి, మోకాళ్ళ మీద తల పెట్టుకున్నాడు. ఆవిడ ఈసారి కళ్ళు మూసుకోలేదు. కాసేపటికి ఆయన లేవబోతే ఇరుకులో తల కుర్చీ చేతికి కొట్టుకుంది. ఆవిడ ఎడం చెయ్యి వచ్చి ఆ దెబ్బ తగిలిన చోట ఆగింది. వెంటనే తీసేసుకుంది.

ఆ మధ్యాహ్నం ఆయన కుర్చీని కిటికీ వైపు తిప్పితే ఆవిడ వద్దనలేదు.

మాస్టారు పెరట్లోకి వెళ్ళి మిగిలిన పని చేశాడు. ఈసారి నాటకాలేమీ లేవు. ఆవిడ చెయ్యి నేర్పిన చోట, ఆకుల గుత్తికి కాస్త పైన, శుభ్రంగా కోశాడు. కింద పడ్డ తలలన్నీ ఏరి గోనెసంచిలో వేశాడు. చివరికి, మొదటి రోజు దారం వెళ్ళని మూలలో, గోడ దగ్గర ఒక్క కాడ మిగిలింది. అన్నిటికన్నా పొడుగుది. కింద కాయలు అప్పుడే గోధుమరంగు తిరుగుతున్నాయి. మాస్టారు ఒక కాయని చిదిపితే ఆవగింజ కన్నా చిన్న విత్తనాలు పచ్చిగా వేలికి అంటుకున్నాయి. కత్తెర తెరిచి, మళ్ళీ మూశాడు. దీన్ని ఏం చెయ్యాలో ఆయనకి నిజంగానే తెలియలేదు.

కిటికీ దగ్గరికొచ్చి నిలబడ్డాడు. లోపల ఆవిడ, ఆవిడ పక్కన అప్పుడే వచ్చిన మరదలు.

"ఆ మూలది ఉంది. కొయ్యాలా, ఉంచాలా?" అని అడిగాడు.

"కొట్టెయ్యి బావా, దానికేం పెద్ద ఆలోచన?" అంది మరదలు. "కోస్తే పక్క కొమ్మలొచ్చి ఈ ఏడే మళ్ళీ పూస్తాయి. విత్తనానికి వదిలితే ఆ మొక్క ఎండిపోతుంది. ఆ విత్తనం చల్లినా, వచ్చే ఏడు ఉత్త ఆకులు. పువ్వు ఆ పై ఏడాది. అంతదాకా ఎవరు చూడొచ్చారు? అక్క ఉన్నన్నాళ్ళు కళ్ళ ముందు పువ్వులు చూసుకోనీ."

అనేశాక అర్థమైంది మరదలికి తనేమందో. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

మాస్టారు భార్య వైపు చూశాడు. ఆవిడ కొయ్యమంటే ఏం చేస్తాడు? కోస్తాడు. కోసి, ఆ పువ్వులు రాలేదాకా ఆవిడ పక్కన కూర్చుంటాడు. ఆ తర్వాత సంగతి తలుచుకోవడానికి ఆయనకి ధైర్యం చాలలేదు.

"నువ్వు చెప్పినట్టు చేస్తాను" అన్నాడు.

మేట్రన్ గారు మూల గోడ వైపు చూసింది. చాలాసేపు చూసింది. పెదాలు కదిలాయి, ఆగాయి. మరదలు అలవాటుకొద్దీ "అక్క ఏమంటోందంటే" అని మొదలుపెట్టబోయింది. మాస్టారు కిటికీలోంచి వేలు చూపించి ఆపాడు. అక్క ఏమంటుందో అక్కే అనాలి.

"ఉం... చండి."

"ఉంచితే ఆ మొక్క పోతుందే" అన్నాడు మాస్టారు. "పువ్వుకి రెండేళ్ళు పడుతుందట."

"తె... లుసు." ఆవిడ ఊపిరి తీసుకుంది. మొహం ఎర్రబడింది. ఒక్కో మాటనీ మెట్ల మీదికి నీళ్ళ బిందె మోసినట్టు మోసుకొచ్చింది. "నేనే... చల్లుతా. మీరైతే... వరసలో... చల్లుతారు."

మాస్టారు నవ్వాడు, ఆ నవ్వులోనే ఏడ్చాడు. మరదలు అక్క మెడ చుట్టూ చేతులు వేసి, పాత గుణం పోనిచ్చుకోలేక అడిగేసింది.

"నువ్వెలా చల్లుతావే అక్కా? ఏ చేత్తో?"

మేట్రన్ గారు చెల్లెలి చేతుల్ని విడిపించుకుంది. ఒళ్ళో పడి ఉన్న కుడి చెయ్యిని చూసుకుంది. నెలల తరబడి ఆవిడ దాని వైపు చూసిందే లేదు. ఎడం చేత్తో దాని మణికట్టు పట్టుకుని పైకెత్తి, మొగుడి ఎదురుగా కిటికీ గట్టు మీద పెట్టింది. వేళ్ళు ముడుచుకునే ఉన్నాయి. కదల్లేదు. ఆవిడ వాటిని ఒక్కొక్కటే ఎడం చేత్తో విప్పింది.

"దీంతో" అంది. "ఆ పిల్లని... రోజూ రమ్మనండి."

మాస్టారు కత్తెర కింద పడేసి, చేతులు తుడుచుకోవడానికి కూడా ఆగకుండా, ఆ అమ్మాయికి ఫోన్ చెయ్యడానికి ఇంట్లోకి పరుగెత్తాడు.